రౌటర్లనూ లెక్కలో వేయండి

ప్రైవేట్ క్లౌడ్ పెడుతున్నామని ఎవరైనా డిజైన్ చూపిస్తే నేను ముందు సర్వర్ల పేజీ తెరవను. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌కి ఎన్ని ఐపీలు పక్కన పెట్టారో వెతుకుతాను. చాలామంది హోస్ట్‌లు, స్విచ్‌లు లెక్కపెట్టి, పైన ఇంకో పది వేసి ఊరుకుంటారు. వర్చువల్ రౌటర్లు ర్యాక్‌లో కనబడవు కాబట్టి ఎవరికీ గుర్తురావు.

అపాచీ క్లౌడ్‌స్టాక్‌నే తీసుకోండి. కస్టమర్ ఒక ఐసొలేటెడ్ నెట్‌వర్క్ పెట్టుకుని అందులో మొదటి మెషీన్ లేపగానే, దానికో వర్చువల్ రౌటర్ లేస్తుంది. డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్, నాట్, ఫైర్‌వాల్ అన్నీ అదే చూసుకుంటుంది. దానికి ఆదేశాలు పంపాలంటే క్లౌడ్‌కు ఒక దారి ఉండాలి. కేవీఎం హైపర్‌వైజర్‌లో ఆ దారి 169.254తో మొదలయ్యే లింక్-లోకల్ చిరునామా. హోస్ట్ మీద నిలబడి 3922 పోర్టుకు ఎస్‌ఎస్‌హెచ్ కొడితే రౌటర్ లోపలికి వెళ్లిపోతాం. మన ఐపీ ఒక్కటీ ఖర్చు కాదు. వీఎంవేర్ మీద అలా కాదు. అక్కడ ప్రతి రౌటరూ పాడ్‌కు, అంటే ఒక హోస్ట్‌ల గుంపుకు, మనం రిజర్వు చేసిన ఐపీల్లోంచే ఒకటి తీసుకుంటుంది. కన్సోల్ ప్రాక్సీ, సెకండరీ స్టోరేజ్ వీఎం ఎలాగూ అక్కడినుంచే తీసుకుంటాయి.

వీఎంవేర్ మీద ఒక పాడ్‌లో వంద మంది కస్టమర్లు, తలా ఒక నెట్‌వర్క్ అనుకుందాం. రిడండెంట్ రౌటర్లు కావాలంటే ఒక్కో నెట్‌వర్క్‌కి రెండు, అంటే 200 ఐపీలు. /24లో వాడుకోడానికి ఉండేవే 254. అందులో గేట్‌వే, హోస్ట్‌లు పోగా మిగిలేదెంత? ఐపీలు అయిపోయిన రోజు ఉన్న కస్టమర్లకు ఏమీ తెలియదు. కొత్తవాళ్ల నెట్‌వర్క్ మాత్రం లేవదు. ర్యామ్ ఖాళీ, సీపీయూ ఖాళీ, డిస్కు ఖాళీ, అయినా కెపాసిటీ లేదంటుంది. అప్పుడు పెంచుదామంటే పక్క సబ్‌నెట్ ఎప్పుడో ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. అది ఖాళీగా ఉన్నా, ప్రతి హోస్ట్ మీదా మాస్క్ మార్చుకుంటూ పోవాలి. లేఅవుట్‌లో ఇళ్లు లేచాక రోడ్డు వెడల్పు చేసినంత పని అది.

పిసినారితనం ఎందుకో నాకు అర్థం కాదు. 10.0.0.0/8 ఒక్కదాంట్లోనే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు ప్రైవేట్ చిరునామాలున్నాయి. పాడ్‌కు /21 ఇస్తే 2046 వస్తాయి. ఆఫీసు వీపీఎన్‌తో గానీ, డాకర్ తనంతట తాను పట్టుకునే 172.17తో గానీ ఢీకొట్టకుండా చూసుకుంటే చాలు.

డిజైన్ మీద సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: మూడేళ్లకు ఎన్ని నెట్‌వర్కులుంటాయి? ఆ అంకెను రెండుతో హెచ్చవేసి, హోస్ట్‌లు కలిపి, అప్పుడు సబ్‌నెట్ ఎంచండి.