వలేరియా దీవులలో ఒక ఆజ్ఞ

చతురంగం మన దేశంలో పుట్టి, పారశీకం మీదుగా పడమటికీ, తూర్పున జపాను దాకానూ ప్రయాణించి అక్కడ ‘షోగి’గా రూపు దాల్చిందన్నది చరిత్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. ఆ ఆటలో బంటుకు పేరు లేదు. బంటు పోతే ఆడేవానికి బలం తగ్గుతుందే తప్ప దుఃఖం కలుగదు. 1990లో నింటెండో సంస్థ వెలువరించిన ‘ఫైర్ ఎంబ్లెమ్’ వంటి వీడియో క్రీడలు బంటుకు పేరు పెట్టాయి. 1995 అక్టోబరులో వచ్చిన ‘టాక్టిక్స్ ఓగర్’ మరొక అడుగు ముందుకు వేసి, బంటుకు జాతినీ, పెరిగి తరిగే స్వామిభక్తినీ ఇచ్చింది. క్వెస్ట్ అనే సంస్థ సూపర్ ఫామికామ్ యంత్రం కోసం దీనిని నిర్మించగా, దర్శకత్వం వహించినవారు యసుమి మత్సునో. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ దీనిని 2010లో ఒకమారు, ‘రీబార్న్’ అన్న పేరుతో 2022 నవంబరులో మరొకమారు పునర్నిర్మించింది. ఈ వ్యాసకర్త చూసినది ఈ చివరి రూపాన్ని. అందులోనూ మొదటి అధ్యాయాన్ని, రెండవ అధ్యాయపు ఆరంభాన్ని మాత్రమే. కనుక ఇది సమగ్ర విమర్శ కాదు.

రూపం విషయంలో చెప్పవలసినది కొంచెమే. పాతికేళ్ళు దాటినా ఆ చిన్న చిన్న చుక్కల బొమ్మలను చెరిపివేయకుండా నునుపు చేసి ఉంచారు. గళ్ళుగా విభజించిన నేల మిట్టపల్లాలతో, ఏటవాలు కోణంలో కనిపిస్తుంది. మిట్ట మీది విలుకాని బాణం దూరం పోతుంది. బరువైన కవచం తొడిగినవానికి వంతు ఆలస్యంగా వస్తుంది. వెనుక నుంచి కొట్టిన దెబ్బ గురి తప్పడం అరుదు. యుద్ధశాస్త్రం ఇంతమాత్రం తెలిస్తే ఆడవచ్చు. హితోషి సకిమొతో, మసహరు ఇవాతాల సంగీతం వినదగినది. క్రీడకున్న ఉపశీర్షిక ‘లెట్ అజ్ క్లింగ్ టుగెదర్’ మాత్రం క్వీన్ అనే ఆంగ్ల వాద్యబృందం 1976 నాటి పాట నుంచి వచ్చినది. మధ్యయుగపు కోటల కథకు ఈ పేరు ఎందుకని మొదట అనిపిస్తుంది.

కథాస్థలం వలేరియా అనే ద్వీపసముదాయం. డోర్గలువా రాజు కాలంలో కలిసి బ్రదికిన జాతులు ఆయన గతించాక విడిపోతాయి. గాల్గస్టానీలు సంఖ్యలో అధికులు. బాక్రములు పూర్వపు పాలకవర్గం. వాలిస్టర్లు అల్పసంఖ్యాకులు, ఓడినవారు. ఆడేవాడు ధరించే పాత్ర డెనమ్ అనే వాలిస్టర్ యువకుడు. అతని అక్క కటియువా, మిత్రుడు వైస్. తమ ఊరిని కాల్చిన సేనానిని చంపాలని ముగ్గురూ పొంచి ఉంటారు. తీరా ఎదురైనవాడు అదే పేరుగల వేరొక వీరుడు. కథ ఒక పొరపాటుతోనే మొదలవుతున్నదన్నమాట. తరువాత వారు చెరలో ఉన్న తమ ప్రభువు రాన్వేను విడిపిస్తారు. ఆయన వారిని వీరులని కొనియాడి, గౌరవించి, పనులు అప్పగిస్తాడు. ఇక్కడ రచయిత నేర్పు గమనార్హం. చెప్పినచోటికి పోయి, చెప్పినవారిని ఓడించి, తిరిగివచ్చి మెప్పు పొందడమనే విధేయతను గంటల తరబడి ఆడేవానికి అలవాటు చేస్తాడు.

అప్పుడు బాల్మమూసా వస్తుంది. అది గాల్గస్టానీల అదుపులో వాలిస్టర్లు కూలి బ్రదుకు బ్రదికే ఊరు. వారిని తిరుగుబాటుకు పురికొల్పమని ప్రభువు డెనమ్‌ను పంపుతాడు. వారు ఒప్పుకోరు. యుద్ధంతో విసిగినవారు, బ్రదికి ఉండడమే చాలునంటారు. అంతట ప్రభువు సేనాని లియోనార్ అసలు ఆజ్ఞను బయటపెడతాడు. ఊరివారినందరినీ చంపి, ఆ నెపం గాల్గస్టానీల మీద మోపాలి. అప్పుడు చెదిరిన వాలిస్టర్లు ఆగ్రహంతో ఏకమవుతారు. శత్రువులలోని మితవాదులు తమ పాలకుల నుంచి విడివడతారు. అంగీకరించాలా, నిరాకరించాలా? తెర మీద రెండు వాక్యాలు నిలిచి ఎదురుచూస్తాయి.

లియోనార్‌ను రచయిత క్రూరునిగా చిత్రించలేదు. అతను బాధపడుతూనే కారణాలు చెబుతాడు, ఆ కారణాలు లెక్కకు నిలిచేవే. ప్రభుత్వ సేవలో ఉన్నవారు ఈ ఘట్టాన్ని తేలికగా దాటలేరు. అధర్మమైన ఆజ్ఞ అధర్మమన్న ముద్రతో మన బల్ల మీదికి రాదు. దస్త్రంలో కారణాలు, పూర్వోదాహరణలు, విశాల ప్రయోజనాలు అన్నీ సక్రమంగా జతపరచబడి వస్తుంది. భారత ఆదిపర్వంలోని లాక్షాగృహం ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు. అయిదుగురు కొడుకులతో నిద్రించిన నిషాద స్త్రీ దేహాలనే పాండవులవిగా లోకం నమ్మింది, ఆ నమ్మకం పాండవులను కాపాడింది. కావ్యం ఆ ఆరుగురికి పేర్లు పెట్టలేదు. మత్సునో చేసిన పని, ఆ ఇంటికి నిప్పు పెట్టే చేతిని మన చేతిగా చేయడం.

యుగోస్లావియా 1991 నుంచి ముక్కలైన తీరు తన ఆలోచనపై ప్రభావం చూపిందని ఆయన తరువాతి కాలంలో చెప్పారు. స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందికి పైగా ముస్లిం పురుషులు, బాలురు హతులైనది 1995 జూలైలో, అంటే ఈ క్రీడ విడుదలకు మూడు నెలల ముందు. పిల్లల వినోదంగా లెక్కింపబడిన ఒక మాధ్యమం అంత దగ్గరి కాలపు గాయాన్ని తాకిందంటే దానిని సాహిత్యంతో సమానంగా పరిశీలించక తప్పదు.

లోపాలు లేకపోలేదు. నేలకొరిగిన సైనికుని కొన్ని వంతులలోగా ఆదుకోకపోతే అతడు శాశ్వతంగా మరణిస్తాడన్నది ఇందులోని కఠిన నియమం. కాగా 2010లో చేర్చిన ‘చారియట్’ అనే చీటీ యుద్ధంలో గడిచిన వంతులను వెనక్కు తిప్పుతుంది. తప్పిన బాణాన్ని మళ్ళీ వేయవచ్చు, చచ్చినవాడు లేచి నిలబడతాడు. ఈ సౌలభ్యం క్రీడ ప్రాణాన్నే పలుచన చేసిందని నా అభిప్రాయం. ఇక యుద్ధభూమిలో కొత్తగా వెదజల్లిన బలవర్ధక చీటీలు కళ్ళకు అడ్డమే తప్ప మరేమీ కావు. అలెగ్జాండర్ స్మిత్ ప్రభృతులు 2010 నాటి రూపానికి చేసిన ఆంగ్లానువాదం పాతకాలపు పలుకుబడితో గంభీరంగా సాగుతుంది; ‘రీబార్న్’ దానినే ఆధారం చేసుకున్నది. ఆ గాంభీర్యానికి అలవాటుపడడానికి కొంత ఓపిక కావాలి. తెలుగులోగాని, మరే భారతీయ భాషలోగాని ఇది లభించదు.

బాల్మమూసా ఆజ్ఞను నేను నిరాకరించాను. వెంటనే వైస్ ఆజ్ఞ పక్షాన నిలిచాడు. అంగీకరించినవారి కథలో నిరాకరించేవాడు అదే వైస్ అట. ఊరు ఎలాగూ తగలబడింది. రెండవ అధ్యాయం తెరుచుకునేసరికి ఆ హత్యాకాండకు కారకుడు డెనమేనని లోకమంతా చాటబడి ఉంది, అతని తలకు వెల కట్టబడి ఉంది. యుద్ధంలో వంతులు తిప్పే చీటీ ఇక్కడ పనిచేయదు. వారెన్ అనే పండితుని పేరిట క్రీడలో ఒక నివేదిక ఉన్నది. సంఘటనలు, వ్యక్తులు, ఊళ్ళలోని వదంతులు అన్నీ అందులో నమోదవుతాయి. ప్రస్తుతం యుద్ధాల మధ్య తీరికలో నేను చదువుతున్నది దానినే.