విషాదయోగం నుంచి విషాదసూచిక దాకా: ఘంటసాల భగవద్గీత – శ్రోత మనస్సు

ముసునూరు పరిసరాల మామిడితోటల్లో కాయకోత సాగే వేసవి ఉదయాన, ఊరివైపు నుంచి మైకుసెట్టులో ఘంటసాల కంఠాన భగవద్గీత వినిపిస్తే, చిక్కం పట్టుకున్న మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు పుట్టే ప్రశ్న ‘ఇది ఎన్నో అధ్యాయం?’ అని కాదు, ‘ఎవరు పోయారు?’ అని. ఇది ముసునూరుకో నూజివీడు ప్రాంతానికో పరిమితమైన అనుభవం కాదు. తెలుగునేల మీద అనేక ఊళ్లలో ఈ గానం మరణవార్తగా స్థిరపడింది. పట్టణాల్లో వైకుంఠరథం వెంట వినిపించేదీ ఇదే. శోకాన్ని తొలగించడానికి పుట్టిన ఒక బోధ, దాని గానరూపంలో, శోకానికి సంకేతంగా ఎట్లా మారింది? సంగీతం మనోభావాలను కదిలించే తీరును గురించి ఈ మార్పు ఏమి చెబుతుంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కృతి స్వరూపం

ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) పాత కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో జన్మించారు. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. భగవద్గీత గానం ఆయన జీవితపు చివరి దశకు చెందినది. గ్రామఫోను రికార్డుగా అది విడుదలైంది ఆయన మరణానంతరమే. అంటే తొలి శ్రోతలు సైతం ఆ కంఠాన్ని ఇక లేని మనిషి కంఠంగానే విన్నారు. ఈ కృతి ఆదరణలో మరణస్ఫురణ మొదటినుంచీ కొంత కలగలిసి ఉందన్న సంగతి విమర్శకుడు మరువరాదు.

గీతలోని ఏడువందల శ్లోకాల నుంచి నూటికి పైగా ఎంపిక చేసి, వేర్వేరు రాగాలలో ఆలపించి, ఒక్కొక్కదాని వెంట తెలుగు తాత్పర్యాన్ని వచనంలో చెప్పడం ఈ రికార్డు పద్ధతి. శ్లోకం పాటగా, అర్థం మాటగా సాగుతాయి. పాటలో కదిలిన మనస్సు మాట దగ్గర నిలకడ పొందుతుంది. సంస్కృతం రానివారికి, అక్షరజ్ఞానం లేనివారికి కూడా గీతార్థాన్ని చెవి ద్వారా అందించిన కృతి ఇది. అందుకే దీని ప్రయోజనం కుంచించుకుపోవడం సాహిత్యరంగానికీ సంబంధించిన నష్టమే.

రాగమా, సందర్భమా?

రాగానికీ భావానికీ స్థిరసంబంధం ఉందని మన సంగీతలోకం చాలాకాలంగా నమ్ముతున్నది. ముఖారి శోకానికి తగినదన్న ప్రతీతి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ నమ్మకం ఎంత బలమైనదైనా ప్రస్తుత సమస్యకు సమాధానం కాజాలదు. ఘంటసాల గీతలో రాగాలు మారుతూ ఉంటాయి. శ్రోతలోని దిగులు మాత్రం మారదు. ఏ శ్లోకం దగ్గర పాట చెవిని పడినా కలిగే స్పందన ఒక్కటే. కాబట్టి కారణాన్ని రాగస్వభావంలో వెదకలేము. కంఠంలోనూ వెదకలేము. అదే గాయకుని సినిమాపాటలు పెళ్లిపందిళ్లలోనూ మోగాయి. అక్కడ ఎవరూ ఉలిక్కిపడలేదు.

స్వీడన్ మనోవిజ్ఞానవేత్తలు పాట్రిక్ జుస్లిన్, డానియెల్ వేస్ట్‌ఫ్యాల్ 2008లో ప్రకటించిన సిద్ధాంతవ్యాసం ఇక్కడ ఉపకరిస్తుంది. సంగీతం భావాలను రేకెత్తించే మార్గాలను వారు ఆరుగా విభజించారు: హఠాత్ ధ్వనికి మెదడుకాండం చూపే స్పందన, నిబంధనం, భావసంక్రమణం, దృశ్యకల్పన, స్వానుభవస్మృతి, సంగీతగతిని గురించిన నిరీక్షణ. వీటిలో నిబంధనం అంటే, ఒక సంగీతఖండం మరొక సంతోషకర లేదా దుఃఖకర సంఘటనతో పదేపదే జతపడి, చివరకు ఆ సంఘటన లేకుండానే అదే భావాన్ని పుట్టించగలగడం. ఇందుకు సంగీతగుణంతో నిమిత్తం లేదు. శ్రోత ఎరుక కూడా అక్కర లేదు. గీత విన్నప్పటి దిగులు ప్రధానంగా ఈ మార్గానికి చెందినది.

మన సమాజానికి ఇది కొత్త కాదు. ఊరిలో డప్పు జాతరకూ మోగుతుంది, చావుకూ మోగుతుంది. దరువును బట్టి సందర్భాన్ని చెవి పోల్చుకుంటుంది. ఉదయాన ఆహిరి పాడితే ఆ పూట అన్నం పుట్టదన్న నానుడి సంగీతజ్ఞులలోనే ఉంది. అయితే చావుదరువు చావు కోసమే ఏర్పడినది; గీతాగానం అట్లా ఏర్పడలేదు. పాశ్చాత్యలోకంలో శామ్యూల్ బార్బర్ 1936లో రచించిన ‘అడాజియో’ 1945లో రూజ్వెల్ట్ మరణించినప్పుడు రేడియోలో ప్రసారమై, క్రమంగా అమెరికాలో సంతాపసంగీతంగా నిలిచింది. ఆ రచనకు మాటలు లేవు; దాని మందగమనం శోకానికి అనుకూలమైనది. అక్కడ సందర్భం సంగీతగుణాన్ని బలపరచింది. ఇక్కడ సందర్భం మాట చెప్పే అర్థాన్నే తలకిందులు చేసింది.

ఆలంకారికుల దృష్టి

అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో ఏడు రసవిఘ్నాలను పేర్కొన్నాడు. మూడవది ‘నిజసుఖాదివివశీభావం’: తన సొంత సుఖదుఃఖాలకు లోబడిన మనస్సు మరొక వస్తువుపై నిలవలేకపోవడం. ఈ విఘ్నాన్ని తొలగించే సాధనాలలో వాద్యాన్నీ గానాన్నీ అతడు చేర్చాడు. సొంత దుఃఖం నుంచి మనస్సును మళ్లించి సాధారణీకరణకు సిద్ధం చేయవలసినది సంగీతం. మన సందర్భంలో ఈ వ్యవస్థ తిరగబడింది. విఘ్నాన్ని తొలగించవలసిన గానమే విఘ్నాన్ని తెచ్చిపెడుతున్నది. పాట వినగానే శ్రోత అర్జునుని దగ్గరకు కాక, తన ఇంటి ముంగిట ఒకనాడు పరచిన చాప దగ్గరకు వెళ్తున్నాడు.

ఘంటసాల గానం చేసిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’తో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. అందులో వస్తువు తెంపబడే పువ్వుల ఆక్రందన, రసం కరుణం. శ్రోత కంట తడి పెట్టినా మళ్లీ వినాలని కోరుకుంటాడు. ఆ దుఃఖం ఎవరి సొంతమూ కాదు గనుకనే ఆస్వాద్యం. గీత బోధించేదేమో శోకనివృత్తి. అయినా శ్రోత దాన్ని ఇంట్లో పెట్టడానికి జంకుతాడు. చావును పాడిన కృతిని ప్రేమతో వింటున్నాము, చావును దాటించే కృతికి భయపడుతున్నాము. అక్కడ పనిచేసినది రసం, ఇక్కడ పనిచేసినది నిబంధనం. రెండింటినీ ‘సంగీతప్రభావం’ అన్న ఒకే మాటతో చెప్పడం వల్ల విమర్శలో గందరగోళం ఏర్పడుతున్నది.

శోకగృహం, వీధి

ఈ వాడుకను కేవలం వికృతిగా కొట్టివేయడం న్యాయం కాదు. అవసానకాలంలో గీతాశ్రవణం సంప్రదాయసిద్ధమే. పుట్టినదానికి మరణం నిశ్చయమని చెప్పే రెండవ అధ్యాయం 27వ శ్లోకం శోకగృహంలో వినదగినదే. దుఃఖంలో ఉన్నవారికి ఏ మాటా తోచనివేళ, చుట్టూ చేరినవారు కూడా మౌనంగా ఉన్నవేళ, ఒక నెమ్మదైన కంఠం మాట్లాడుతూ ఉండటం కొందరికి ఊరటే. చిక్కు వీధిలో ఉంది. మైకు ద్వారా దూరాన వినేవానికి తాత్పర్యం అందదు. స్వరం మాత్రమే అందుతుంది. అర్థం రాలిపోయి ధ్వని మిగిలినప్పుడు అది సమాచారమవుతుంది. శోకగృహంలో బోధగా ఉన్నది తోటలో గంటగా మారుతుంది. ఈ నిబంధనాన్ని ఇంతగా వ్యాపింపజేసినది మైకు.

ముగింపు

గీత మొదటి అధ్యాయం అర్జునవిషాదయోగం. పద్దెనిమిదవ అధ్యాయంలో అర్జునుడు తన మోహం నశించిందని చెబుతాడు. విషాదం ఇందులో ప్రారంభం మాత్రమే. మహాభారతంలో ప్రధానరసం శాంతమని ఆనందవర్ధనుడు నిర్ణయించిన సంగతిని కూడా ఇక్కడ స్మరించవచ్చు. మైకుసెట్టు శ్రవణంలో ఈ ప్రయాణం తెగిపోయి, శ్రోత మొదటి అధ్యాయంలోనే ఆగిపోతున్నాడు.

జతపడటం ఆగి, వేరే సందర్భాల్లో ఉద్దీపన మళ్లీ మళ్లీ ఎదురైతే నిబంధిత స్పందన సన్నగిల్లుతుందని మనోవిజ్ఞానం చెబుతున్నది. కాబట్టి ఈ మార్పు శాశ్వతం కానక్కరలేదు. తరగతి గదిలో, పఠనగోష్ఠిలో, ఇంట్లో మామూలు రోజున దీన్ని తాత్పర్యంతో సహా మొదటినుంచి చివరిదాకా వినిపించడమే తగిన మార్గం. చావు లేని రోజున కూడా ఈ పాట వినబడినప్పుడే, చావు ఉన్న రోజున అది చెప్పే మాట చెవికెక్కుతుంది.