కార్లు లెక్కకు అందాయి, క్యూలు అందలేదు

నగరంలోకి వెళ్లడానికి 20 క్రోనాలు కట్టమంటే కారు తీయడం మానేసేవాళ్లు ఎంతమంది? స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి 3 దాకా దీనికి జవాబు ట్రాఫిక్ మోడల్‌లోనే ఉంది. ఆ రోజు 18 చోట్ల టోల్ మొదలైంది. కట్టాల్సింది పని దినాల్లో, పగటి వేళల్లోనే.

మోడల్ కట్టేవాళ్లు డబ్బునూ నిమిషాలనూ ఒకే తక్కెడలో తూస్తారు. ఆఫీసుకు వెళ్లే మనిషికి గంట విలువ 120 క్రోనాలు అనుకుంటే, 20 క్రోనాల టోల్ అతనికి మరో 10 నిమిషాల ప్రయాణంతో సమానం. అప్పుడతను రైలెక్కుతాడా, చుట్టుదారి పడతాడా, లేక ఆ షాపింగేదో ఊరి బయటే కానిచ్చుకుంటాడా? ఇలా లక్షల ప్రయాణాలకు లెక్క వేస్తారు.

లెక్క ఇంచుమించు నిజమైంది. టోల్ గీత దాటే వాహనాలు ఐదో వంతు తగ్గాయి. అప్పట్లో రుసుము లేని ఎస్సింగెలెదెన్ రహదారి మీద కార్లు విరుచుకుపడతాయన్న భయమూ తీరింది; అక్కడ పెరిగింది కొద్దిగానే. తమాషా ఏమిటంటే, తర్వాత అడిగితే చాలామంది డ్రైవర్లు తమ అలవాట్లేమీ మారలేదనే చెప్పారు!

మోడల్ తడబడింది క్యూల దగ్గర. అది ప్రతి రోడ్డు ముక్కనూ విడిగా చూస్తుంది. ముందు కూడలి నిండిపోతే వెనక వీధి కూడా కదలదని, ఆ వీధిలోంచి పక్కకు తిరగాల్సిన బస్సూ ఇరుక్కుంటుందని దానికి తెలియదు. అందుకే నగరంలోకి వచ్చే ప్రధాన రోడ్ల మీద క్యూ సమయం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోతుందని అది ఊహించలేకపోయింది. ఇది చిన్న లోపం కాదు. రుసుము వల్ల లాభం ఎంతో తేల్చేది ఆ నిమిషాలే.

లండన్‌లో 2003లో రద్దీ రుసుము పెట్టినప్పుడు మరో రకం తేడా వచ్చింది. రుసుము కట్టాల్సిన కార్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గడంతో ఆదాయం అంచనాను అందుకోలేదు. రోడ్లకు మేలు, ఖజానాకు లోటు.

ఈ కాలమిస్టు తీర్పు మోడల్ పక్షానే, ఒక షరతు మీద. ఏ నగరంలోనైనా రద్దీ రుసుము నివేదిక బయటికొస్తే తగ్గే కార్ల సంఖ్యను ఒకలా, ఆదా అయ్యే నిమిషాలను మరొకలా చదవాలి. రెండోదానికి క్యూలు వెనక్కి పాకే తీరును లెక్కగట్టే మోడల్ వాడారా అని అధికారులను అడగండి.