నాలుగు స్వరాల సాహసం

మతంగ ముని ‘బృహద్దేశి’లో ఒక హద్దు గీశాడు. నాలుగు స్వరాలు, అంతకు తక్కువ ఉన్న పాట మార్గ సంగీతం కాదన్నాడు. అలాంటి పాటలు ఎవరివో కూడా చెప్పాడు: శబరులు, పుళిందులు, కిరాతులు, ద్రావిడులు, ఆంధ్రులు. వెయ్యేళ్లకు పైగా గడిచాక కోనసీమలో పుట్టిన ఒక ఆంధ్రుడు ఆ నాలుగు స్వరాలనే కచేరీ వేదిక మీదికి తెచ్చాడు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జూలై 6న రాజోలు దగ్గరి శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, తండ్రి పట్టాభిరామయ్య వేణువు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. డెబ్భై రెండు మేళకర్తల్లోనూ చిన్న వయసులోనే కృతులు చేసిన మనిషి ఈయన. ఏడు స్వరాలతో ఎంత చేయవచ్చో తెలిశాకే స్వరాలు తగ్గించుకుంటూ వచ్చారు. ఈ వరస ముఖ్యం.

ఆయన కల్పించిన మహతి రాగంలో స, గ, ప, ని మాత్రమే. లవంగిలో స, రి, మ, ద. సర్వశ్రీలో మూడే: స, మ, ప.

మామూలు రాగంలో గమకం పక్క స్వరాలను తాకి వస్తుంది. తోడిలో గాంధారం కదలకుండా నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. మహతి గాంధారానికి ఇటు షడ్జమం ఉంది, అటు పంచమం ఉంది. నడుమ ఇంకేమీ లేదు. తోడిలో లాగా ఊపితే రాగంలో లేని స్వరం పలుకుతుంది. అందుకే స్వరాన్ని నిలిపి పాడాలి. లేదా జారుతో అంత దూరమూ ఒకేసారి దాటాలి, దారిలో ఎక్కడా ఆగకూడదు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా దాచుకోవడానికి చోటుండదు. లవంగి ఇంకా కఠినం. అందులో పంచమమే లేదు. తంబురాలో పంచమం మోగుతుంటే దాన్ని వింటూనే దాని జోలికి పోకుండా పాడాలి.

స్వరకల్పన దగ్గర పరీక్ష మరీ గట్టిది. శార్ఙ్గదేవుడి ‘సంగీత రత్నాకరం’ చెప్పే ప్రస్తారం లెక్కలో ఏడు స్వరాలను 5,040 వరసల్లో పేర్చవచ్చు. నాలుగింటికి వచ్చేవి 24, మూడింటికి ఆరే. వరసలు అయిపోయాక గాయకుడికి మిగిలేది కాలం ఒక్కటే. ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలి, ఎక్కడ కార్వై ఇవ్వాలి, ఎక్కడ ఊరుకోవాలి? బాలమురళి మృదంగం కూడా వాయించేవారు. ఈ రాగాల్లో ఆయన లయజ్ఞానం నాకు స్పష్టంగా వినిపిస్తుంది.

కొద్ది స్వరాలతోనే నడిచే సంగీతం మరోచోటా ఉంది. 1980లో ఇంగ్లండులో ‘ది క్యూర్’ అనే బృందం ‘సెవెన్టీన్ సెకండ్స్’ ఆల్బమ్ విడుదల చేసింది. పంక్ హోరు తర్వాతి కాలం రాక్ సంగీతం అది; గోత్ రాక్ అభిమానులకు ఇష్టమైనది. గిటారు కొద్ది స్వరాలే పలుకుతుంది, డ్రమ్ము ఒకే దరువు విడవకుండా నడుస్తుంది, రాబర్ట్ స్మిత్ గొంతు ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆ దిగులు వేరు, లవంగిలో బాలమురళి దేవిని కొలిచిన భక్తి వేరు. అయినా రెండుచోట్లా పలికిన స్వరంతో పాటు వదిలేసిన చోటు కూడా వినపడుతుంది. ఆ బృందాన్ని ఇష్టపడే మన కుర్రకారుకు మహతి కొత్తగా తోచదు: ఆ నాలుగు స్వరాలనూ గిటారు మీద కలిపి మీటితే వాళ్లకు తెలిసిన సెవెన్త్ కార్డే మోగుతుంది.

అయితే బాలమురళిలా కొత్త రాగాలను ఎవరూ పుట్టించలేరని వైణికుడు ఎస్. బాలచందర్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. మూర్ఛన ఒక్కటే రాగం కాదు. కానీ 1975లో వచ్చిన తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతిలో కట్టిన పాటను ఏసుదాసు పాడారు. మరొకరి గొంతులో నిలిచింది కనుక అది రాగమే అంటాను. మూడు స్వరాల సర్వశ్రీ మాత్రం కృతి దాటి పెద్ద ఆలాపనకు ఆగుతుందని నాకు అనిపించదు.

బాలమురళి 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో పిల్లలకు సంగీతం చెప్పే గురువులకు ఒక విన్నపం. గీతాలు దాటగానే మహతిని ఒకసారి పాడించండి. ఆ నాలుగు స్వరాలూ శ్రుతిలో నిలబెట్టగలిగిన పిల్లలకు తర్వాత ఏ రాగమైనా తేలికే.