మెడ సిర, కంటి సిర

ఎండాకాలం వస్తే పల్నాడు జిల్లా రెంటచింతల పేరు రోజూ వార్తల్లో వినపడుతుంది. వడదెబ్బ తగిలిన మనిషిని పల్నాడులో ఏ ఆస్పత్రికి తెచ్చినా బంధువులు ముందుగా అడిగేది ఒకటే: "సెలైన్ పెట్టండి డాక్టరు గారూ!" ఎంత పెట్టాలన్నదే చిక్కు. మిరప చేలో సొమ్మసిల్లిన కూలీకి లీటర్లు పట్టొచ్చు. గుండె జబ్బున్న ముసలాయనకు అదే సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది.

గుండె కుడివైపుకు చేరే పెద్ద సిరలో ఒత్తిడెంతో తెలిస్తే కొంత దారి దొరుకుతుంది. డాక్టర్లు దాన్ని సీవీపీ అంటారు. పాదరసం మట్టంలో అది మామూలుగా 2 నుంచి 6 ఎంఎం ఉంటుంది. నేరుగా కొలవాలంటే సాధారణంగా మెడలోంచి గొట్టం దింపాలి.

గొట్టం లేకుండా కంటిలో చూసి చెప్పొచ్చా? ఆలోచన మంచిదే. రెటీనా సిరలోని రక్తం చివరికి మెడ సిరలో కలిసి గుండెకు చేరుతుంది. డాక్టరు ఆఫ్తాల్మోస్కోపులో ఆ సిరను చూస్తూ చిన్న పరికరంతో కనుగుడ్డును మెల్లగా నొక్కుతారు. సిర అణిగిపోయిన క్షణాన కంట్లో ఉన్న ప్రెషరే ఆ సిరలోని ఒత్తిడి.

చిక్కల్లా కంటి సొంత ప్రెషర్‌తోనే. అది సాధారణంగా 10 నుంచి 21 ఎంఎం. రక్తం కంటిలోంచి బయటపడాలంటే ముందు దాన్ని దాటాలి. నాగార్జునసాగర్ గేట్లలోంచి నీళ్లు దూకుతున్నప్పుడు దిగువన కృష్ణ ఎంత లోతులో పారుతోందో పై మట్టం చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే. సీవీపీ 2 ఉన్నా 6 ఉన్నా కంటికి ఒకటే. గుండె వైఫల్యంలో ఒత్తిడి బాగా పెరిగితే కన్ను పట్టుకోగలదు. వడదెబ్బ రోగికి మాత్రం అక్కరకు రాదు. పైగా ఒంట్లో నీరు తగ్గితే కంటి ప్రెషరూ తగ్గుతుంది, గ్లకోమా ఉంటే పెరగొచ్చు.

అందుకే మెడ మీద నమ్మకం పోకూడదు. 1930లో థామస్ లూయిస్ చెప్పిన పద్ధతికి స్కేలు, కాస్త వెలుతురు చాలు. రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, తల కొద్దిగా ఎడమకు తిప్పి, కుడి మెడ మీద వెలుతురు పక్కనుంచి పడేలా చూడాలి. చర్మం కింద సన్నటి అల, గుండె కొట్టుకున్న ప్రతిసారీ రెండుసార్లు కదులుతుంది. వేలికి తగలదు. కాలర్ ఎముక పైన మెల్లగా నొక్కితే మాయమవుతుంది. వేలికి గట్టిగా కొట్టేది ధమని. ఆ అల రొమ్ము ఎముక మీది గట్టుకు 3 సెంటీమీటర్లకు మించి ఎత్తులో కనిపిస్తే ఒత్తిడి ఎక్కువున్నట్టు. వెల్లకిలా పడుకోబెట్టినా మెడ సిర నిండకపోతే ఒంట్లో ద్రవం తగ్గి ఉండొచ్చు.

అయినా సీవీపీ ఒక్కటే చూసి సెలైన్ నిర్ణయించకూడదని 2008లో పాల్ మారిక్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసి చెప్పింది. సీవీపీకి తోడుగా రోగి కాళ్లు ఎత్తి చూడొచ్చు. కాళ్లలోని రక్తం గుండెకు చేరి, కాసేపు సెలైన్ ఎక్కించినట్టే ఉంటుంది. ఆయాసం వస్తే కాళ్లు దించేస్తే సరి. ఆయాసం రాకపోతేనే సెలైన్ కొద్దికొద్దిగా ఇస్తూ, ప్రతిసారీ ఊపిరితిత్తులకు స్టెతస్కోపు పెట్టి వినాలి, మెడ మళ్లీ చూడాలి, మూత్రం వస్తోందో లేదో అడగాలి.