గానుగ మంచిదే, మరి మూకుడో?

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల రైతులు యాసంగిలో పండించే పల్లీకి మంచి పేరుంది. ఆ పల్లీలు ఆడించిన నూనె కదా, ఎన్నిసార్లు కాచినా భయం లేదన్న ధీమా మాత్రం సరికాదు. గానుగలో కల్తీ లేకపోయినా మూకుట్లో నూనె చెడుతుంది. శనగపిండిలో ముంచిన మిర్చి నూనెలో పడగానే చుట్టూ బుడగలు లేస్తాయి. అది పిండిలోని తడి ఆవిరై పోవడమే. ఇంచుమించు 180 డిగ్రీల వేడిలో ఆ తడే నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను బయటికి తెస్తుంది. అవి పెరిగేకొద్దీ నూనె తక్కువ సెగకే పొగలు కక్కుతుంది. మరోపక్క గాలిలోని ఆక్సిజన్ నూనెలోని లినోలిక్ ఆమ్లం మీద పడితే ఆల్డిహైడ్లు పుడతాయి. మాడిన నూనె పొగలో కళ్లు మండించే అక్రోలీన్ ఆ కోవలోదే. కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కోవడంతో నూనె చిక్కబడుతుంది, నురగ ఆరదు.

వడగడితే చాలదా అంటారు. మాడిన పిండి పోతుంది, అంతవరకు మేలే. కానీ నూనెలో కరిగిన ఆమ్లాలు, ఆల్డిహైడ్లు గుడ్డకు చిక్కవు. కొత్త నూనె కలిపినా పాతదాని దోషం పలచబడుతుందే తప్ప పోదు. పైగా పాత నూనెలో ఆక్సిజన్ వల్ల ఏర్పడిన పెరాక్సైడ్లు కొత్తదాన్నీ త్వరగా పాడుచేస్తాయి. ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉండే గిర్నార్-4, గిర్నార్-5 పల్లీ రకాల నూనె ఆక్సిజన్‌కు ఎక్కువసేపు తట్టుకుంటుంది. అయినా పిండిలో తడి ఉన్నంతకాలం మొదటి దెబ్బ దానికీ తప్పదు.

రోజూ నూనె పారబోస్తే మిర్చిబండి మీద బతికేవాళ్లకు మిగిలేదేమిటన్న ప్రశ్న న్యాయమైనది. నూనె విరగగా ఏర్పడే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1న అమల్లోకి వచ్చింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అదే ఏడాది ప్రారంభించింది. ఆ సేకరణ మిర్చిబండి దాకా రావాలి. మునిసిపాలిటీలు వారానికో రోజు నిర్ణయించి, తూకం వేసి, అక్కడికక్కడే డబ్బు చేతికిస్తే పాత నూనెను మళ్లీ పొయ్యెక్కించే అవసరం చాలావరకు తగ్గుతుంది. కొనేవాళ్లుగా మన వంతూ ఉంది. నూనె నల్లబడి నురగ కడుతుంటే ఆ బజ్జీ వద్దనండి. తాజా నూనెలో వేసినదానికి రూపాయి ఎక్కువైనా ఇవ్వండి.