పళ్ల సెట్టు పోసే చెయ్యి

సొంతంగా జలాంతర్గామి కట్టుకునేవాళ్లను బాగా ఏడిపించేది మందపాటి అక్రిలిక్ గుమ్మటం. 1971 నాటి జాన్సన్ సీ లింక్ అనే జలాంతర్గామిలో అక్రిలిక్ గోళం మందం దాదాపు 10 సెంటీమీటర్లు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు సముద్రమెక్కడిది, తుంగభద్ర కాలువ నీళ్లే. కానీ ఆ సరుకు ఇక్కడి అవ్వాతాతల నోళ్లలో ఉంది.

పళ్ల సెట్టులో చిగుళ్లలా కనిపించేది అక్రిలిక్కే. మూడు వంతుల పొడికి ఒక వంతు ద్రవం కలిపి, ముద్దయ్యాక అచ్చులో నొక్కి, నీళ్లలో ఉడికిస్తారు. ఉత్త ద్రవమే పోస్తే గట్టిపడేసరికి 21 శాతం కుంచించుకుపోతుంది. పైగా గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. 100 డిగ్రీలు దాటిందా, లోపల ద్రవం మరిగి బుడగలే. అందుకే 74 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆపుతారు. గుమ్మటానికీ ఇదే గండం, మందాన్నిబట్టి ఇంకా ఎక్కువ.

మే నెల ఎండకు ముద్ద చూస్తుండగానే బిగుసుకుంటుంది. ఎప్పుడు నొక్కాలో వేళ్లకే తెలియాలి. డాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది, ముద్ద నొక్కే ల్యాబ్ మనిషి పేరు ఎవరూ అడగరు, నాకది అన్యాయమనిపిస్తుంది. వేడి మీద అచ్చు తెరిస్తే సెట్టు వంకరపోతుంది, కాబట్టి చల్లారేదాకా ముట్టడు. ఎండబెట్టినా రూపు మారుతుందని, రాత్రిళ్లు నీళ్లలో వేసి ఉంచమంటారు.